సీలు వేసిన కవరు - ఎవరి కోసం?

లక్క సీలు మన పెన్షనర్లకు కొత్త విషయం కాదు. ట్రెజరీలో పనిచేసినవారికి స్ట్రాంగ్ రూము సీళ్లు తెలుసు. విద్యాశాఖ వారికి పదో తరగతి ప్రశ్నపత్రాల కట్టలు తెలుసు. ఇక ఎన్నికల డ్యూటీ చేయని ఉద్యోగి మనలో అరుదు. బ్యాలెట్ పెట్టెకు సీలు వేసి, ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించి, లారీ ఎప్పుడొస్తుందా అని స్కూలు వరండాలో అర్ధరాత్రి దాకా పడిగాపులు పడినవాళ్లమే. ఆ సీళ్లన్నింటికీ ఒక లక్షణం ఉంది. ఎప్పుడు, ఎవరి ఎదుట విప్పాలో ముందే నిర్ణయమై ఉంటుంది. పరీక్ష ఉదయం ఒకటి విప్పుతారు, లెక్కింపు రోజు మరొకటి విప్పుతారు.

న్యాయస్థానపు సీలు వేరు. ఒక కాగితాన్ని కవరులో పెట్టి సీలు వేయమని జడ్జిగారు ఉత్తర్వు చేస్తే, దాన్ని విప్పే తేదీ అంటూ ఉండకపోవచ్చు. ముఖ్యంగా స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన అత్యాచారాల కేసుల్లో ఈ సీలు ఎవరిని కాపాడాలి, నిజానికి ఎవరిని కాపాడింది అన్నది చాలా కాలంగా నలుగుతున్న ప్రశ్న. కోర్టులో గుమాస్తాగా చేరి శిరస్తాదారుగా రిటైరైనవాణ్ణి గనుక నాకు దీని మీద ఆసక్తి ఎక్కువ. ఒక కాగితం రికార్డు రూములో ఉండి కూడా లేనట్టే ఎలా ఉండగలదో మా శాఖవారికి తెలిసినంతగా వకీళ్లకు కూడా తెలియదు.

కోర్టు తలుపులు తెరిచి ఉండాలన్నది ఇంగ్లీషు న్యాయం నుంచి మనకు వచ్చిన సూత్రం. దానికి ఆధారంగా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు 1913 నాటి స్కాట్ కేసు. లండన్‌లో ఒక భార్య తన వివాహాన్ని రద్దు చేయమని వేసిన అర్జీని జడ్జి తలుపులు మూసి విచారించారు. ఆమెకు అనుకూలంగానే తీర్పు వచ్చింది. కాని భర్త తరఫువాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో అన్న బాధతో ఆమె విచారణ ప్రతిని టైపు చేయించి మామగారికి, ఆడబిడ్డకు, మరొకరికి పంపింది. అది కోర్టు ధిక్కారమన్నారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ఉత్తర్వును కొట్టివేసింది. సిగ్గుపడే విషయమన్నంత మాత్రాన తలుపు మూయరాదని, మూస్తే తప్ప న్యాయం జరగదన్నప్పుడే మూయాలని చెప్పింది. గమనించండి, అక్కడ నిజాన్ని బయట పెట్టదలచుకున్నది బాధపడిన స్త్రీయే. మూసి ఉంచింది కోర్టు.

మన దేశంలో ఈ ప్రశ్న సుప్రీం కోర్టుకు 1966లో మిరాజ్‌కర్ కేసుగా వచ్చింది. బొంబాయి హైకోర్టులో ఒక పరువునష్టం దావాలో, తన సాక్ష్యం పత్రికల్లో వస్తే వ్యాపారం దెబ్బతింటుందని ఒక సాక్షి మొరపెట్టుకుంటే, జడ్జి దాన్ని ప్రచురించవద్దన్నారు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంలో అధిక సంఖ్యాకులు ఆ ఉత్తర్వు సరైనదేనన్నారు. జస్టిస్ హిదయతుల్లా విభేదించారు. ఒక వ్యాపారస్తుడి వ్యాపారం కోసం అంత పెద్ద కట్టు విప్పాలా అని నాకూ అనిపిస్తుంది గాని, తీర్పు తీర్పే.

వ్యాపారి నష్టం గురించి ఇంత చర్చ జరిగిన దేశంలో, అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు విషయంలో 1983 వరకు ఐ.పి.సి.లో ఒక్క సెక్షనైనా లేదు.

హైదరాబాదులో 1978 నాటి కర్ఫ్యూ మన సభ్యులు చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట ఇంటికి పోతున్న పేద దంపతులను నల్లకుంట పోలీసు స్టేషనుకు తీసుకుపోయారు. భార్య మీద అత్యాచారం జరిగింది. దెబ్బలు తిన్న భర్త, రిక్షా కార్మికుడు, చనిపోయాడు. జనం తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి. ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ముక్తదర్‌తో విచారణ సంఘం వేసింది. ఆ స్త్రీ పేరు ఆనాడు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పత్రికలన్నీ అచ్చువేశాయి. నేటికీ ఆ కేసును ఆమె పేరుతోనే పిలుస్తారు. నేను ఇక్కడ రాయడం లేదు.

ఆ సంఘం విచారణ బహిరంగంగానే జరిగింది. సూత్రం ప్రకారం మంచిదే. కాని పోలీసుల తరఫున ఆమె నడవడి మీద నిందలు మోపారు, ఆమె ఎవరితో ఎక్కడ కాపురం చేసిందని నలుగురి ముందు తవ్వారు. కమిషన్ మాత్రం ఆ మాటలకు లొంగక పోలీసులు దోషులని, వారి మీద కేసు నడపాలని చెప్పింది. తరువాత కేసు రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. అక్కడ 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు. చివరికి లెక్క చూస్తే ఊరంతటికీ తెలిసిపోయి నిలిచినది ఒక్క పేరే, బాధితురాలి పేరు.

అదే 1978లో సుప్రీం కోర్టు మహారాష్ట్రలోని ఒక గిరిజన బాలిక కేసులో ఇద్దరు పోలీసులను వదిలిపెట్టింది. ఒంటి మీద గాయాలు లేవు గనుక ఆమె ఒప్పుకున్నట్టేనన్న ధోరణిలో తీర్పు సాగింది. ఆ తీర్పు లా రిపోర్టులలో అచ్చయింది గనుక నలుగురు లా అధ్యాపకులు - ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ - చదివి, 1979 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా ఆందోళన లేచింది. తీర్పు సీలు కవరులో ఉండి ఉంటే ఆ లేఖ లేదు, ఆ తరువాతి చట్టమూ లేదు. అయితే అదే కాగితంలో బాలిక పేరు కూడా అందరికీ కనబడేటట్టు ఉంది. ఉపకారం, అపకారం ఒకే పుటలో!

ఆ ఆందోళనల ఫలితంగా 1983లో క్రిమినల్ చట్టాలను సవరించారు. ఐ.పి.సి.లో 228-ఏ సెక్షన్ చేర్చి బాధితురాలి పేరు బయటపెడితే రెండేళ్ల వరకు శిక్ష అన్నారు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 327లో అత్యాచార కేసులను తలుపులు మూసి విచారించాలన్నారు, అనుమతి లేకుండా ఆ విచారణ విషయాలేవీ ప్రచురించరాదన్నారు. పేరు దాచాలన్నది సబబే. విచారణ మొత్తాన్ని దాచాలనడం దానికన్న పెద్ద మాట. పోలీసు ఏమి చేశాడో, డాక్టరు ఏమి రాశాడో, ప్రాసిక్యూటరు ఏ ప్రశ్న అడగడం మరిచాడో కూడా తలుపు వెనకే ఉండిపోతుంది గదా. పార్లమెంటుకు ఇది తట్టడానికి పాతికేళ్లు పట్టింది. 2008 సవరణలో, పేర్లూ చిరునామాలూ గోప్యంగా ఉంచే షరతు మీద ప్రచురణ నిషేధాన్ని సడలించవచ్చునన్నారు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి గనుక ఈ సెక్షన్ల నెంబర్లు మారాయి: భారతీయ న్యాయ సంహితలో 72, నాగరిక సురక్షా సంహితలో 366. పాత నెంబర్లు నోటికి వచ్చిన మనలాంటివాళ్లకు ఇదొక కొత్త తంటా.

పేరు దాచే పేరుతో నేరాన్నే దాస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలోని బోస్టన్‌కు పోవాలి. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికాలో సివిలు దావా వేస్తే విచారణకు ముందే ఉభయపక్షాలు తమ దగ్గరున్న కాగితాలను ఎదుటివారికి చూపాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11లో కూడా ఇటువంటిది ఉంది గాని, మన మునసబు కోర్టుల్లో దాని వాడకం తక్కువ. అక్కడ దావాకు ప్రాణం అదే. ఆ దశలో ప్రతివాది, ఈ కాగితాలు వాదికి చూపిస్తాను గాని లోకానికి చూపించవద్దని కోర్టును కోరవచ్చు. కోర్టు ఒప్పుకుంటే సీలు పడుతుంది. తరువాత డబ్బుతో రాజీ కుదురుతుంది, నోరు విప్పరాదని రాజీపత్రంలో షరతు ఉంటుంది, దావా కొట్టివేస్తారు. కాగితాలు అలాగే ఉండిపోతాయి.

బోస్టన్ కాథలిక్ అగ్రపీఠంలో జాన్ గేగన్ అనే ఫాదర్ 1962 నుంచి మూడు దశాబ్దాల పైగా పనిచేశాడు. పిల్లల మీద లైంగిక అత్యాచారం చేశాడని ఫిర్యాదు వచ్చినప్పుడల్లా పారిష్ మార్చారు. తమకు హాని చేశాడని చివరికి 130 మందికి పైగా ముందుకు వచ్చారు. వారిలో 86 మంది తరఫున మిచెల్ గారబీడియన్ అనే వకీలు దావాలు నడిపాడు. అగ్రపీఠం తన ఫైళ్లు ఆయనకు చూపవలసి వచ్చింది. కాని సీలు వేయించుకుంది. ఆ వకీలు చదివిన సంగతి బయట చెప్పడానికి వీల్లేదు!

2001 జులై చివర బోస్టన్ గ్లోబ్ పత్రికకు మార్టిన్ బారన్ అనే కొత్త సంపాదకుడు వచ్చాడు. ఆయన అంతకుముందు ఫ్లోరిడా రాష్ట్రంలో పనిచేసినవాడు. అక్కడ ప్రభుత్వ రికార్డులు చూసే హక్కు బాగా విశాలం. ఆయన కొలువులో చేరిన మొదటి రోజే, ఆ కాగితాలు కావాలని కోర్టును ఎందుకు అడగకూడదని అడిగాడు. స్థానికులకు అలవాటైపోయిన విషయం కొత్తగా వచ్చినవాడి కంటికి వింతగా తోచింది. మన ఆఫీసుల్లో కూడా కొత్తగా బదిలీపై వచ్చిన అధికారి, ఈ బీరువా ఎందుకు తెరవడం లేదని అడిగిన సందర్భాలు లేకపోలేదు.

పత్రిక దరఖాస్తు కాన్‌స్టన్స్ స్వీనీ అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. ఆమె కాథలిక్ బడుల్లో చదివిన మనిషి. 2001 నవంబరులో సీలు విప్పమని ఆమె ఉత్తర్వు చేశారు. అగ్రపీఠం అప్పీలుకు వెళ్లి ఓడిపోయింది. 2002 జనవరి 6న గ్లోబ్ మొదటి కథనం వేసింది. ఆ నెలలోనే పదివేల పేజీలకు పైగా కాగితాలు జనం ముందుకు వచ్చాయి.

ఆ కాగితాల్లో ఏముంది? మనబోటి ఉద్యోగులకు బాగా అర్థమయ్యేవే ఉన్నాయి. బదిలీ ఉత్తర్వులు, వైద్యుల సర్టిఫికెట్లు, పై అధికారికి కింది అధికారి రాసిన లేఖలు, ఫిర్యాదుదారులకు ఇచ్చిన పొడిపొడి జవాబులు. ఒక పిల్లల కుటుంబం 1980ల మొదట్లోనే మొరపెట్టుకుంది. 1984 డిసెంబరులో జాన్ డార్సీ అనే సహాయ బిషప్, ఈ మనిషిని కొత్త పారిష్‌కు పంపడం సరికాదని కార్డినల్ బెర్నార్డ్ లాకు రాతపూర్వకంగా తెలిపాడు. అయినా గేగన్ ఆ పారిష్‌లోనే కొనసాగాడు. 1996లో అతడు పదవి నుంచి తప్పుకుంటే కార్డినల్ సేవలను మెచ్చుకుంటూ లేఖ రాశాడు. ఎవరూ దౌర్జన్యంగా ఏదీ చింపలేదు, తగలబెట్టలేదు. అన్నీ పద్ధతిగా ఫైలు చేశారు. అసలు భయం పుట్టించేది అదే. సర్వీసు రిజిస్టరు సక్రమంగా రాసిన చేతులే పిల్లల గోడును అందులో కప్పెట్టాయి.

తరువాతి సంగతులు గబగబా జరిగాయి. కనీసం 70 మంది ఫాదర్లపై వచ్చిన ఫిర్యాదులను పదేళ్లలో గుట్టుచప్పుడు కాకుండా రాజీ చేశారని అదే జనవరి నెలాఖరున గ్లోబ్ రాసింది. ఇతర ఫాదర్ల ఫైళ్లు కూడా కోర్టుల ద్వారా బయటికి వచ్చాయి. గేగన్‌కు జైలుశిక్ష పడింది. 2003లో జైలులోనే తోటి ఖైదీ చేతిలో హతుడయ్యాడు. కార్డినల్ లా 2002 డిసెంబరు 13న రాజీనామా చేశాడు. 86 మందికి కోటి డాలర్లు, 2003లో మరో 552 మందికి ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు పరిహారం ఒప్పుకున్నారు. 1940 నుంచి కనీసం 789 మంది పిల్లలు బాధితులయ్యారని రాష్ట్ర అటార్నీ జనరల్ 2003 జులైలో నివేదిక ఇచ్చాడు. పై అధికారుల మీద కేసు పెట్టడానికి ఆనాటి చట్టాలు చాలవని కూడా ఆయనే చెప్పాడు. కాలం మించిపోయిన తరువాత విప్పిన సీలు ఇంతవరకే ఉపయోగపడుతుంది.

ఇది ఒక మతం మీద అభాండంగా ఎవరూ చదవవద్దు. ఆ 86 మందీ, వారి తల్లిదండ్రులూ అదే గుడిలో మోకరిల్లినవాళ్లు. వేరే సంస్థల్లో కూడా సీళ్లు ఇలాగే పనిచేశాయి.

ఫ్లోరిడాలో జెఫ్రీ ఎప్‌స్టీన్ అనే ధనికుడి విషయం అటువంటిదే. ఎందరో మైనరు బాలికల ఫిర్యాదులు ఉన్నా, ఫెడరల్ ప్రాసిక్యూటర్లు 2007లో అతడితో ఒడంబడిక చేసుకున్నారు. 2008 జూన్‌లో రాష్ట్ర కోర్టులో రెండు నేరాలు ఒప్పుకుని పద్దెనిమిది నెలల శిక్షతో బయటపడ్డాడు. అందులో సుమారు పదమూడు నెలలే జైలు, అదీ పగలంతా ఆఫీసుకు పోయివచ్చే సౌకర్యంతో. ఆ ఒడంబడికను సీలు కవరులో దాఖలు చేశారు. బాలికలకే చెప్పలేదు. బాధితుల వకీళ్లూ పత్రికలూ కోరిన మీదట 2009 సెప్టెంబరులో కోర్టు దాన్ని విప్పింది. బాధితులకు చెప్పకపోవడం చట్టవిరుద్ధమని ఫెడరల్ జడ్జి మారా 2019 ఫిబ్రవరిలో తేల్చాడు. అప్పటికి పదకొండేళ్లు!

ఆ వ్యవహారంలోనే వర్జీనియా జూఫ్రే అనే మహిళ 2015లో ఎప్‌స్టీన్ సహచరి గిలేన్ మాక్స్‌వెల్ మీద పరువునష్టం దావా వేసింది. ఈమె పేరు రాస్తున్నానేమని అడుగుతారేమో. ఈమె తన పేరుతో తానే ముందుకు వచ్చింది. పేరు మీద హక్కు బాధితులదే. దాచుకోవాలన్నా వారే, చెప్పాలన్నా వారే. ఆ దావా 2017లో రాజీ అయినా కాగితాలు సీలులోనే ఉండిపోయాయి. మయామీ హెరాల్డ్ పత్రిక కోర్టుకెక్కితే, 2019 జులై 3న అప్పీలు కోర్టు ముఖ్యమైన భాగాన్ని విప్పమంది. ఆగస్టు 9న సుమారు రెండు వేల పేజీలు వచ్చాయి. ఆ మర్నాడే ఎప్‌స్టీన్ జైలు గదిలో చనిపోయి కనిపించాడు. 2024 జనవరిలో మరికొన్ని కాగితాలు వచ్చాయి. ఆ తరువాత ప్రభుత్వం దగ్గరున్న ఫైళ్లను కూడా, బాధితుల వివరాలు మినహాయించి, ప్రచురించాలని అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం మీద 2025 నవంబరు 19న అధ్యక్షుడి సంతకం పడింది.

ఇక్కడ ఒక మాట. దావాలో దాఖలైన ప్రతి కాగితమూ నిజం కాదు. ఆ అప్పీలు కోర్టు కూడా ఇదే హెచ్చరిక చేసింది. 2024 జనవరిలో ఆ పేజీల్లో ఎక్కడో ఒకచోట పేరు కనిపించిన ప్రతివాణ్ణీ నేరస్థుడిగా జమకట్టి ఫోన్లలో జాబితాలు తిప్పారు. విమానంలో ప్రయాణించినవాడు, విందుకు వచ్చినవాడు, సాక్షిని అడిగిన ప్రశ్నలో పేరు దొర్లినవాడు, అందరూ ఒకే గాటన! అయితే, జనం తప్పుగా చదువుతారని కాగితాన్ని దాచడం దానికి మందు కాదని నా అభిప్రాయం. చదవడం నేర్పాలి.

మన దగ్గర 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీం కోర్టు ఒక పద్ధతి చెప్పింది. బాధితురాలి పేరున్న పత్రాలను వీలైనంతవరకు సీలు కవరులో పెట్టాలి. వాటి స్థానంలో పేరు తీసేసిన అటువంటి పత్రాలనే నలుగురూ చూసే రికార్డులో ఉంచాలి. ఒకే కేసుకు రెండు కట్టలన్నమాట. స్టేషను రైటరుకు పని పెరిగింది గాని, స్కాట్ కేసు నుంచి నలుగుతున్న చిక్కుకు ఇంత సులువైన ఉపాయం మరొకటి నాకు తెలియదు. సీలు పేరుకు వేశారు, నేరానికి వేయలేదు.

ఆ తీర్పు వచ్చి ఏడాది తిరగకుండానే, 2019 నవంబరు 27 రాత్రి, శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. రెండు రోజుల్లో ఆమె పేరు, ఫొటో దేశంలో ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. తరువాత పోలీసులే ‘దిశ’ అని పిలవమన్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు. ఆనాడు సంతోషించినవారు మన పెన్షనర్లలోనూ తక్కువేమీ కాదు. ఆరు రోజులకే సుప్రీం కోర్టు జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన విచారణ సంఘం వేసింది. 2022 జనవరిలో నివేదిక సీలు కవరులో సుప్రీం కోర్టుకు చేరింది.

దాన్ని సీలులోనే ఉంచమని రాష్ట్రప్రభుత్వం కోరింది. 2022 మే 20న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం అందుకు ఒప్పుకోలేదు. బహిరంగ విచారణ జరిపిన సంఘం నివేదికలో దాచవలసిందేమీ లేదని ఉభయపక్షాలకూ ప్రతులు ఇమ్మంది, కేసును తెలంగాణ హైకోర్టుకు పంపింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరం విచారించాలని ఆ 387 పేజీల నివేదికలో ఉంది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా ఉంది. పూలు చల్లిననాడు ఈ సంగతి ఎవరికీ తెలియదు.

కోర్టు కాగితాలు చూడాలనుకునే సభ్యులకు చివరిగా ఒక సూచన. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి ప్రయోజనం లేదు. హైకోర్టు నిబంధనల ప్రకారమే నకలు తీసుకోవాలని 2020 మార్చి 4న గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. కేసులో పార్టీ కానివారు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్‌తో అర్జీ పెట్టుకోవాలి, జడ్జిగారు ఉత్తర్వు చేయాలి, ఆ పైన ఫీజు కట్టాలి. అఫిడవిట్ ఎలా రాయాలో తెలియకపోతే మన సంఘంలో జుడిషియల్ శాఖ నుంచి రిటైరైనవాళ్లం ఉన్నాము. నెలవారీ సమావేశానికి వచ్చినప్పుడు అడగండి, రాసిపెడతాము.